లిఫ్టు పక్కన అంటించిన పేపరు, ఇంకా కొన్ని ఉత్తరాలు: ఈ సంచిక ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ డబ్బులు ఎగ్గొట్టేవాళ్ల గురించి ఒక జవాబు రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అసలు మెయింటెనెన్స్ ఊసే లేదు, అన్నీ వాచ్‌మేన్ గురించి, పనామె గురించి, చెత్త తీసే వాళ్ల గురించే. దాదాపు అన్నీ మన తిరుపతివే. సరే, ఈసారికి పెళ్లి సంబంధాలు, జుట్టు రాలడం పక్కన పెట్టి వీటికే జాగా ఇస్తున్నా. పేర్లు తీసేశాను, పొడుగు ఉత్తరాలు కుదించాను, ఒకదాంట్లో సెక్రటరీ గారిని తిట్టిన తిట్లు కూడా తీసేశాను.

ప్రశ్న: మాది ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర 5 అంతస్తుల అపార్ట్‌మెంట్, 40 ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. పోయిన నెల కమిటీ వాళ్లు లిఫ్టు పక్కన ఒక పేపర్ అంటించారు, పనివాళ్లు, డెలివరీ వాళ్లు, పాలవాళ్లు మెట్లే వాడాలంట. మా పనామెకి 50 దాటినాయి, మోకాళ్ల నొప్పులు, నాలుగో అంతస్తు ఎక్కి వచ్చి కాసేపు అట్లే గోడకి ఆనుకుని కూచుండిపోతుంది. గ్రూపులో అడిగితే ఒకాయన హైజీన్ అన్నాడు, ఒకామె కరెంటు బిల్లు అంది, మిగతా వాళ్లంతా దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. అట్ల రూలు పెట్టే హక్కు వాళ్లకి ఉందా?
– ఒక గృహిణి, ఎయిర్ బైపాస్ రోడ్డు

జవాబు: ముందు కరెంటు సంగతి తేల్చేద్దాం అమ్మా, ఎందుకంటే అది లెక్క, లెక్కకి మొహమాటం ఉండదు. మీ సైజు అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మోటారు 5 హెచ్‌పీ అనుకుందాం, అంటే సుమారు 3.7 కిలోవాట్లు, నాలుగో అంతస్తుకి పోవడానికి అర నిమిషం, అంటే ఒక యూనిట్‌లో నూరో వంతులు ఒక మూడు ఖర్చవుతాయి. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా పావలా. ఆమె రోజూ ఎక్కి దిగినా నెలకి 15 రూపాయలు, నలభై ఫ్లాట్లకి పంచితే ఎంతొస్తుందో ఆ కరెంటు బిల్లు మేడమ్‌నే చెప్పమనండి.

ఇంక హైజీన్. ఆమె మీ వంటింట్లోకి రావచ్చు, మీ దేవుడి గది తుడవొచ్చు, పిల్లకి అన్నం తినిపించొచ్చు, ఆ 30 సెకన్లు లిఫ్టులో నిలబడితే మాత్రం క్రిములు పుట్టుకొస్తాయా? మన ఊర్లో ఇంకో సంగతి ఉంది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కరువు ఉండదు, ఏడాది పొడుగూ ఎవరో ఒకరు దర్శనానికి వస్తానే ఉంటారు, ఎనిమిది మంది, తొమ్మిది బ్యాగులు, గుండ్లు కొట్టించుకున్న పిల్లకాయలు, లడ్డూ కవర్లు, లిఫ్టు తలుపు పట్టుకుని "అత్తా వచ్చేసినాం" అని అరుపులు, ఆ రెండు రోజుల్లో వాళ్లు యాభై సార్లు ఎక్కి దిగుతారు, ఏ కమిటీ అయినా ఎప్పుడైనా లెక్క పెట్టిందా? లేదు కదా. అంటే వాళ్ల బాధ కరెంటూ కాదు, క్రిములూ కాదు, పక్కన ఎవరు నిలబడినారు అన్నదే.

హక్కు విషయానికొస్తే, మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్లకి 1987 నాటి చట్టం ఉంది, దాని ప్రకారం మెట్లు, లిఫ్టు, కారిడార్ లాంటివి ఫ్లాట్ ఓనర్లందరికీ కలిపి ఉండే ఉమ్మడి ఆస్తి. కమిటీ వాటిని చూసుకోవడానికి ఉంది, వాటికి యజమాని కాదు. మీ ఇంటికి మీరు పిలిస్తే వచ్చే మనిషి, చుట్టమైనా పనామె అయినా, మీ హక్కు మీదే లిఫ్టు ఎక్కుతుంది. ముగ్గురు మనుషులు కూచుని ఒక పేపరు ప్రింట్ తీసి అంటించినంత మాత్రాన అది బైలా అయిపోదు, జనరల్ బాడీలో పెట్టారా, మినిట్స్ రాశారా అని రాతపూర్వకంగా అడగండి, గ్రూపులో కాదు, కాగితం మీద. అడిగినాక ఒక వారం గడిస్తే చాలాచోట్ల ఆ పేపరు దానంతట అదే ఊడిపోతుంది.

ఒక్కరే పోకండి. నాలుగు, ఐదు అంతస్తుల్లో ఉండే పెద్దవాళ్లని కలవండి, వాళ్ల పనివాళ్లు మెట్లెక్కలేక మానేస్తే ముందు ఇబ్బంది పడేది వాళ్లే కాబట్టి సంతకం పెడతారు, న్యాయం కోసమో అవసరం కోసమో పెడతారు, మనకెందుకు. కమిటీ వాళ్లకి నిజంగా లిఫ్టు మురికి అయితాందని బాధ ఉంటే చెత్త బకెట్టుకి రూలు పెట్టమనండి, సిమెంటు మూటకి పెట్టమనండి, అదే బకెట్టు ఓనరు పట్టుకుని దిగినా రూలు రూలే. మనిషికి మాత్రం పెట్టొద్దు. దీని వెనక కులం మాట ఎవరైనా నోరు జారి అన్నారా, అప్పుడది అసోసియేషన్ గొడవ కాదు, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా పోయే విషయం అని వాళ్లకి తెలియాలి.

ప్రశ్న: నేను రేణిగుంట దగ్గర కంపెనీలో పని చేస్తా, ఎం.ఆర్.పల్లిలో అద్దెకుంటున్నా. మా అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక బాత్రూమ్ ఉంది కానీ ఎప్పుడూ తాళమే. మా పనామె ఒకరోజు మొహమాటపడతా మా బాత్రూమ్ వాడుకోవచ్చా అని అడిగింది, నేను సరే అన్నాను. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ దాని మీద పెద్ద గలాటా చేసింది. పైగా ఆమెకి టీ ఇచ్చే గ్లాసు కూడా విడిగా బాల్కనీలో పెడుతుంది. అమ్మని ఎట్ల ఒప్పించాలి?
– ఒక ఉద్యోగిని, ఎం.ఆర్.పల్లి

జవాబు: ఈ ఉత్తరం చదివి సంతోషం వేసింది, గొడవ గురించి కాదు, ఆమె మిమ్మల్ని అడగగలిగింది అని. చాలామంది అడగరు. పొద్దున 6 గంటలకి ఇంట్లో బయల్దేరి మధ్యాహ్నం ఒంటి గంట దాకా నాలుగు ఇళ్లు చేసుకునే ఆడమనిషి ఆ ఏడు గంటలూ ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా ఎవరైనా? నీళ్లు తాగదు. అంతే. తాగితే పోవాల్సి వస్తుంది కాబట్టి తాగదు, అదీ ఏప్రిల్, మే నెలల్లో మన తిరుపతి ఎండలో. నెలసరి రోజుల్లో ఇంకా నరకం. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, రుయా ఆసుపత్రిలో ఓపీ చీటీ, ఆ రోజు పనికి రాలేదని మళ్లీ ఫోన్లు. మనం బాత్రూమ్ కడిగే పని ఆమెకే చెప్తాం, వాడుకోవడానికి మాత్రం పనికిరాదంటాం.

గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూమ్ తాళం తీయించండి, అది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. అద్దెకున్న వాళ్ల మాట కమిటీ వినదు అంటారేమో, మీ ఓనరు చేత అడిగించండి. బల్బు, లోపల గడియ, ఒక బకెట్టు, మూత ఉన్న చెత్తడబ్బా, వారానికి రెండుసార్లు కడిగించడం, దీనికి ఫ్లాటుకి నెలకి ఒక కాఫీ ఖర్చు కూడా కాదు. తాళం వాచ్‌మేన్ జేబులో కాకుండా మేకుకి తగిలించాలి, ఆడవాళ్లు ప్రతిసారీ ఒక మగాయన్ని తాళం అడగాలంటే అడగరు.

ఇంక అమ్మ. ఉపన్యాసం ఇవ్వొద్దు, రాజ్యాంగంలో 17వ ఆర్టికల్ అంటరానితనాన్ని రద్దు చేసిందని చెప్తే ఆమె "నేనేమన్నా అంటరానితనం అన్నానా, శుభ్రం అన్నా" అంటుంది, మాట అక్కడే ఆగిపోతుంది. శుభ్రం కాదని ఆమెకీ తెలుసు, ఎందుకంటే ఇంట్లో గ్లాసులన్నీ తోమేది ఆ పనామే, ఆమె చేతి మీదుగా రాని గ్లాసు మీ ఇంట్లో ఒక్కటీ లేదు. మీరు చేయాల్సింది చిన్న పని, ఒకే రకం గ్లాసులు ఒక డజను కొనండి, ఆ బాల్కనీ గ్లాసుని మొక్కలకి నీళ్లు పోయడానికి వాడుకోండి. అమ్మ మనసు మారేదాకా కాచుకుని ఉంటే ఆ పనామె రిటైర్ అయిపోతుంది. అద్దె కట్టేది మీరు కాబట్టి ఇంట్లో పద్ధతి మీది, అమ్మ రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు సీరియల్ టైముకి ఇద్దరూ ఒకే రకం గ్లాసులో టీ తాగుతారు, లేదంటే అమ్మ ఊరెళ్లిపోతుంది, రెండూ తట్టుకోగలిగినవే.

ప్రశ్న: గంగమ్మ జాతరకి మా పనిమనిషి చెప్పకుండా 4 రోజులు మానేసింది. జీతంలో పట్టుకోవచ్చా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కె.టి. రోడ్డు

జవాబు: చెప్పకుండా అంటారేంది సార్, తాతయ్యగుంట గంగమ్మకి చాటింపు వేస్తే ఊరు ఊరంతా తెలుస్తుంది, మీరు మాత్రం ఆమె వచ్చి వేరే చెప్పాలంటారు. జాతర అంటే మనకి ట్రాఫిక్ జామ్, వాళ్లకి మొక్కు. పొంగలి పెట్టాలి, అంబలి పోయాలి, ఇంట్లో మగపిల్లోడికి వేషం కట్టాలి. ఆ వారంలో వరసగా వచ్చే వేషాలు చూస్తారు కదా, బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, తోటి కట్టినామె గంగమ్మే, దొర కట్టినామె కూడా గంగమ్మే. ఆడవాళ్లని చెరబట్టిన పాలెగాణ్ణి పట్టుకోవడానికి అన్ని వేషాలేసిన దేవతకి మొక్కే వాళ్ల దగ్గర మీరు నాలుగు రోజుల జీతం పట్టుకుంటానంటే, పట్టుకోండి, నేనైతే పట్టుకోను.

మీరు బ్యాంకులో ఉన్నప్పుడు ఏడాదికి 12 క్యాజువల్ లీవులు, ఆదివారాలు, పండగలు అన్నీ తీసుకునే ఉంటారు. ఆమెకి నెలకి రెండు రోజులు, జాతరకి నాలుగు, సంక్రాంతికి రెండు అని ముందే మాట్లాడి పెట్టుకోండి, అప్పుడు చెప్పకుండా మానేయడం అనే మాట రాదు, మీకూ బోకులు ఎప్పుడు తోముకోవాలో తెలుస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా అమ్మ బైరాగిపట్టెడలో 4 ఇళ్లలో పని చేస్తుంది. ఒక ఇంట్లో నెలకి మూడు నాలుగు సార్లు దర్శనానికి చుట్టాలు వస్తారు. పది పన్నెండు మంది బోకులు, దుప్పట్లు, బాత్రూములు అన్నీ అమ్మే. జీతం మాత్రం ఇద్దరు మనుషుల ఇంటికి మాట్లాడుకున్న జీతమే. అడిగితే "నువ్వు మా ఇంట్లో మనిషివి కదే" అని ఒక లడ్డూ చేతిలో పెడతారు. నాకు కోపం, అమ్మకి భయం. ఎక్కువ అడగొచ్చా? చట్టం ఏమంటుంది?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అడగొచ్చమ్మా. లడ్డూ ప్రసాదం, కళ్లకద్దుకుని తినాలి, జీతం వేరే.

ఇంట్లో మనిషి అనే మాట చెప్పే వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను, చాలామంది నిజంగానే ప్రేమగా అంటారు, పాత చీరలిస్తారు, జ్వరమొస్తే మాత్రలిస్తారు. కానీ ఇంట్లో మనిషికి ఆస్తిలో వాటా ఉంటుంది, ఆదివారం పడుకునే హక్కు ఉంటుంది, సోఫాలో కూచుంటుంది. అవేవీ లేకుండా పని ఎక్కువ చేయించుకునే రోజు మాత్రం ఇంట్లో మనిషి అయిపోవడం నాకెప్పుడూ నచ్చలేదు. ప్రేమ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు, లెక్క మాత్రం తేడా రాకూడదు.

ఎట్ల అడగాలి అంటే, చుట్టాలు వచ్చి కూచున్నాక అడగొద్దు, అప్పుడు వాళ్లకి పరువు సమస్య, అమ్మకి మొహమాటం. నెల మొదట్లో, జీతం తీసుకునే రోజు చెప్పాలి. "ఇద్దరికి మాట్లాడుకున్నాం అక్కా, నలుగురి కంటే ఎక్కువ మంది వచ్చిన రోజుకి ఇంత, దుప్పట్లు ఉతికితే ఇంత" అని మాట సూటిగా. రోజుకి ఎంత అన్నది మీ వీధిలో మిగతా వాళ్లు ఏం తీసుకుంటున్నారో కనుక్కుని చెప్పండి. నాలుగు ఇళ్లలో పని చేసే వాళ్లంతా ఒకే రేటు చెప్తే ఎవరూ ఒకామెని తీసేసి ఇంకొకామెని పెట్టుకోలేరు, ఇది ఎవరూ చెప్పరు గానీ అసలు కిటుకు ఇదే. వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాలు, ఎండాకాలం సెలవులు, ఈ మూడు సీజన్లకి ముందే మాట్లాడుకోవాలి.

చట్టం ఏమంటుందని కూడా అడిగావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇళ్లలో పని చేసేవాళ్లని కనీస వేతనాల పట్టికలో చేర్చారు, అంటే ఇది దయ మీద నడిచే పని కాదు, జీతం ఉన్న ఉద్యోగమే అని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. కానీ సెలవులు, పని గంటలు, పెన్షన్ అన్నీ కలిపి ఇంటి పనివాళ్ల కోసమే దేశం మొత్తానికి ఒక చట్టం ఇంకా లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో దీని మీద కమిటీ వేసి చూడమని కేంద్రానికి చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేసింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. కాబట్టి ఇప్పటికి నోరే ఆయుధం.

చేతిలో పని ఒకటి ఉంది, అది నువ్వు ఈ వారంలోనే చెయ్యి. అమ్మకి 59 లోపు వయసుంటే అసంఘటిత కార్మికుల పేర్లు రాసుకునే ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు రాయించు, ఉచితం, ఆధార్‌కి లింకైన ఫోన్ ఉంటే చాలు, సందేహముంటే 14434కి ఫోన్ చెయ్యి. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, తడి మెట్ల మీద కాలు జారే పని చేసే మనిషికి అది ఉండాల్సిందే. శ్రమ్ యోగి మాన్‌ధన్ పెన్షన్ పథకం మాత్రం 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరిన వాళ్లకే, అమ్మ వయసు రాయలేదు నువ్వు, 40 దాటుంటే కుదరదు. లోపుంటే వయసుని బట్టి నెలకి 55 నుంచి 200 రూపాయలు కట్టాలి, అంతే మొత్తం కేంద్రం వేస్తుంది, 60 దాటాక నెలకి 3000 వస్తాయి. చుట్టుపక్కల చిన్న వయసు అక్కలకి కూడా చెప్పు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు నిండింది. బండి పిలిపిస్తే ఎక్కువ అడుగుతున్నారు. మా వాచ్‌మేన్ 2000 ఇస్తే తమ్ముణ్ణి పిలుచుకుని తనే దిగి తీస్తానంటున్నాడు. తనే ఒప్పుకున్నాడు కదా, తప్పేముంది?
– కమిటీ మెంబరు, కరకంబాడి రోడ్డు

జవాబు: దింపొద్దు. ఈ జవాబు చదివేలోపు దింపేసి ఉండొద్దని దేవుణ్ణి మొక్కుకుంటున్నా.

తనే ఒప్పుకున్నాడు అన్నది చట్టం ముందు నిలబడదు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, డ్రైనేజీలోకి దింపి శుభ్రం చేయించడం నేరం, మొదటిసారికే 2 ఏళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. మనిషి చనిపోతే కుటుంబానికి పరిహారం 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలు అని చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందని అంటారు, కానీ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి లోపల కూలిపోతాడు, పైనున్న తమ్ముడు అన్నని లాగడానికి దిగుతాడు, అతనూ రాడు. పేపర్లో వచ్చే ఇట్లాంటి వార్తల్లో ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఎందుకు ఉంటారంటే ఇందుకే. మిషన్ బండి ఎంత అడిగితే అంత ఇచ్చి పిలిపించండి, అందరి మీదా వేసి వసూలు చేయండి. నీళ్ల సంపు విషయంలో కూడా, నెలల తరబడి మూసి ఉంటే లోపల గాలి ఉండదు, మూత తీసిన వెంటనే ఎవరినీ దింపొద్దు.

ప్రశ్న: నేను మా అపార్ట్‌మెంట్ సెక్రటరీని, 30 ఫ్లాట్లు. వాచ్‌మేన్‌కి నెలకి 12000 ఇస్తాం, కింద రూమ్ ఫ్రీ, కరెంటు ఫ్రీ. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చిన కుటుంబం. అయినా రాత్రి నిద్రపోతున్నాడని, పిలిస్తే పలకడని, అతని భార్య మెట్లు సరిగా ఊడవదని రోజూ కంప్లైంట్లు. నెలకోసారి ఊరికి పోతానంటాడు. మార్చేద్దామా?
– సెక్రటరీ, తిరుచానూరు రోడ్డు

జవాబు: సార్, మీరు మార్చండి, ఇంకొకాయన వస్తాడు, ఆరు నెలలకి మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. మనిషిని మార్చినా లెక్క మారదు కాబట్టి.

పగలు మోటారు వేయాలి, ట్యాంకరు వస్తే పైపు పట్టాలి, కార్లు కడగాలి, కొరియర్లు తీసుకోవాలి, ఎవరింట్లోనో గ్యాస్ బండ పైకి మోయాలి, కరెంటు పోతే జనరేటరు. రాత్రి 11 తర్వాత సెకండ్ షో చూసి వచ్చేవాళ్లకి గేటు తీయాలి, రెండు గంటలకి చుట్టాలు దిగితే తీయాలి, నాలుగింటికి సర్వదర్శనం టోకెన్ల క్యూకి పోయేవాళ్లకి తీయాలి, అయిదింటికి పాలు. తిరుపతిలో గేటుకి రాత్రి అనేది లేదు. మరి ఆ మనిషి ఎప్పుడు పడుకోవాలి? 24 గంటలు, 30 రోజులు, మొత్తం 720 గంటలు, 12000ని దాంతో భాగించండి, గంటకి 17 రూపాయలు కూడా పడవు. లీలామహల్ సర్కిల్‌లో టీ తాగి బన్ను తినాలన్నా చాలవు.

భార్య గురించి రాశారు, ఆమె జీతం ఎంతో రాయలేదు. నాకు అర్థమైంది, లేదు కదా? ఐదు అంతస్తుల మెట్లు కసువు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ముందర నీళ్లు చల్లి ముగ్గేసే మనిషికి సున్నా. "రూమ్ ఫ్రీ కదా" అంటారు. ఆ రూమ్ అతని కోసం కట్టింది కాదు సార్, రాత్రి రెండు గంటలకి మనం హారన్ కొడితే లేచి రావాలని మన కోసం కట్టుకున్నది. చాలా అపార్ట్‌మెంట్లలో అది మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, కిటికీ లేకుండా ఉంటుంది, అందులోనే గ్యాస్ స్టవ్, అందులోనే పిల్లల పుస్తకాలు. మీది అట్లాంటిదైతే ముందు ఆ స్టవ్‌నో, మీటర్లనో వేరే చోటికి మార్పించండి, అది వాళ్లకే కాదు, పైన నిద్రపోయే 30 కుటుంబాలకీ ప్రమాదం.

పడమటి మండలాల నుంచి అంటున్నారు, అక్కడ చెనిక్కాయ పంట ఎండిపోయి, బోర్లు ఎండిపోయి ఊరిడిచి వచ్చిన కుటుంబాలు మన తిరుపతి వాచ్‌మేన్ రూముల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. ముసలి తల్లి అక్కడే ఉంటుంది, నెలకోసారి పోకుండా ఎట్ల?

నా సలహా అడిగారు కాబట్టి చెప్తున్నా, రాత్రికి వేరే మనిషిని పెట్టండి. 12000 అయితే 30 ఫ్లాట్లకి నెలకి 400. భార్యకి ఊడ్చే పనికి విడిగా జీతం, ఆమె చేతికే, మొగుడి చేతికి కాదు, ఒక 4500 అనుకుంటే ఫ్లాటుకి 150. మొత్తం 550. జనరల్ బాడీలో ఈ అంకె చెప్పగానే గోల లేస్తుంది, లేవనివ్వండి, పోయిన దీపావళికి టపాకాయలకి ఎవరెంత పెట్టారో మాత్రం అడక్కండి, గొడవ పెద్దదవుతుంది. ఒప్పుకోకపోతే రాత్రి 11 నుంచి 4 దాకా గేటుకి ఓనర్ల దగ్గర తాళాలు ఉంచి, ఎవరి గేటు వాళ్లే తీసుకోవాలని రూలు పెట్టండి. రెండు వారాలు చలిలో దిగి గేటు తీసుకున్నాక 400 ఇవ్వడానికి చాలామంది సిద్ధపడతారు.

ప్రశ్న: పక్క ఫ్లాట్‌లో చైన్ పోయింది. ఆ రోజు వచ్చిన ముగ్గురు పనివాళ్ల బ్యాగులు వెతికారు, ఒకామె జాకెట్టులో కూడా చూశారు. దొరకలేదు. నాకు చాలా బాధనిపించింది, ఏమనాలో తెలియలేదు.
– పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: ఏమనాలో చెప్తాను. "పోలీసులకి ఫోన్ చేయండి, అంతదాకా ఎవరినీ ముట్టుకోవద్దు" అనాలి. ఇంటి ఓనరుకి ఇంకొకరి ఒళ్లు వెతికే అధికారం లేదు. పోలీసులు వచ్చినా ఆడమనిషిని ఆడ పోలీసే, మర్యాదకి భంగం రాకుండా వెతకాలి. సాక్షిగా మాట్లాడాలంటే ఆడవాళ్లని స్టేషన్‌కి పిలవకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి, పాత చట్టంలోనూ ఉంది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. మీ పక్కింటి వాళ్లు చేసింది మర్యాద తక్కువ పని అని మాత్రమే అనుకోకండి, ఆ మనిషి కేసు పెడితే నిలబడుతుంది. పని చేసే చోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో ఇళ్లని కూడా పని చోటు కిందే లెక్కేశారు, లైంగికంగా ఇబ్బంది పెడితే జిల్లా లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని మీ పనివాళ్లకి చెప్పి ఉంచండి.

ఆ రోజు ఆ ఇంట్లో ఎలక్ట్రీషియన్ వచ్చాడా, చుట్టాలు ఉన్నారా, వాళ్ల బ్యాగులు కూడా వెతికారా అని ఒక్కసారి అడగండి, ఊరికే అడగండి.

ప్రశ్న: వాచ్‌మేన్ కూతురు 12 ఏళ్లు, చురుకైంది. మా పాపని ఆడించడానికి పెట్టుకుందామనుకుంటున్నా, బడి మాన్పించి కాదు, సాయంత్రం, సెలవుల్లో. పుస్తకాలు, డ్రెస్సులు నేనే కొనిస్తా. వాళ్ల అమ్మ ఒప్పుకుంది.
– ఒక తల్లి, పద్మావతీపురం

జవాబు: వద్దమ్మా. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం 2006లోనే నిషేధించారు, 2016 సవరణతో ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు లేదా 20 నుంచి 50 వేల జరిమానా, రెండూ పడొచ్చు. మీరు మంచి మనసుతోనే అడిగారని తెలుస్తాంది, కానీ ఆ సాయంత్రం ఆ పిల్ల కూడా ఆడుకోవాలి కదా, మీ పాపతో ఆడుకోవడం వేరు, మీ పాపని ఆడించడం వేరు. పుస్తకాలు కొనివ్వండి, ఏ షరతూ లేకుండా. ఆ పిల్లకి వాచ్‌మేన్ రూములో చదువుకునే వీలు లేకపోతే 6వ తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి, హాస్టల్, చదువు ఉచితం, వాళ్లమ్మ ఒప్పుకుంటే దరఖాస్తు నింపడానికి మీరు సాయం చేయండి.

ప్రశ్న: మీరెప్పుడూ పనివాళ్ల వైపే మాట్లాడతారు. మా పనామె కూతురి ఫీజుకని 5000 అడ్వాన్సు తీసుకుని రెండు నెలల్లో మానేసింది, ఫోన్ ఎత్తదు. మా లాంటి వాళ్ల బాధ ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, అన్నమయ్య సర్కిల్

జవాబు: నాకు చెప్పుకోండి, చెప్పుకున్నారు కూడా. మీది నిజమైన నష్టమే, మధ్యతరగతి ఇంట్లో 5000 చిన్న డబ్బు కాదు, ఒప్పుకుంటా. ఎగ్గొట్టేవాళ్లు పనివాళ్లలోనూ ఉన్నారు, ఫ్లాట్ ఓనర్లలోనూ ఉన్నారు, పోయిన సంచికలో ఒక జవాబు వాళ్ల గురించే కదా. కానీ ఆమె ఇంటి ముందుకు పోయి అరవడం, అప్పు తీరేదాకా ఊరికే పని చెయ్ అనడం లాంటివి చేయకండి, అప్పు కింద మనిషిని కట్టేసి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది, దాన్ని 1976లోనే రద్దు చేశారు. తెలిసినవాళ్ల చేత ఒకసారి నెమ్మదిగా అడిగించండి, నెలకి 500 చొప్పున ఇస్తానన్నా తీసుకోండి.

ఇకమీదట అడ్వాన్సు ఇస్తే ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఎంత, నెలకి ఎంత పట్టుకోవాలి అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఇంకో మాట, మీ ఉత్తరంలో ఒక చోట జీతం ఎప్పుడూ 10వ తేదీకల్లా ఇచ్చేస్తాను అని గొప్పగా రాశారు. ఆమెకి ఇంటద్దె, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు అన్నీ 5వ తేదీ లోపు. కొత్త పనామెకి 1వ తేదీనే ఇచ్చి చూడండి, అడ్వాన్సులు అడగడం సగానికి సగం తగ్గుతుంది.